బీడీ నాయనది... దగ్గు బిడ్డది

ఇంటిలోపలి పొగతో పసివారి ఊపిరికి ముప్పు

ప్రొద్దుటూరు: మార్గశిర మాసపు రాత్రి. పెన్న ఒడ్డు నుంచి చలిగాలి తోలుతోంది. పగలంతా చేలో పనిచేసి వచ్చిన ఇంటి యజమాని సంగటి తిని, చేయి కడుక్కుని, మంచం మీద కూర్చుని బీడీ ముట్టించాడు. చలికి తలుపు మూసి ఉంది. ఉన్న ఒక్క కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. మంచానికి నాలుగడుగుల దూరంలో ఉయ్యాలలో ఏడు నెలల బిడ్డ. బీడీ అయిపోయింది, ఆయన నిద్రపోయాడు. నడిరేయి దాటాక బిడ్డ దగ్గడం మొదలుపెట్టింది. "పడిశం పట్టిండాది, తెల్లారినాక సూపిద్దాంలే" అంది తల్లి. "కాదు, దిష్టి తగిలిండాది" అంది అవ్వ. బీడీ మాట మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో చలికాలంలో తరచుగా కనబడే దృశ్యమే. బిడ్డకు దగ్గు వస్తే తిన్నదాన్ని, తాగినదాన్ని, తిరిగిన చోటును తప్పుపడతాం. పీల్చిన గాలిని గురించి ఆలోచించం. పొగ తాగేవాడికి చేటు అన్న సంగతి నేడు తెలియనివారు లేరు. అదే పొగ తాగనివారికి, అందునా పసిబిడ్డలకు చేటు అన్న సంగతి ఇంకా చాలా ఇళ్ల గడప దాటి లోపలికి రాలేదు.

తాగనివారి వంతు

బీడీ నుంచి గదిలోకి వచ్చే పొగ రెండు విధాలు. తాగే మనిషి లోపలికి పీల్చి బయటికి ఊదేది ఒకటి. చేతిలో పట్టుకుని ఉండగా కొన నుంచి దానంతట అదే లేచేది రెండవది. పొయ్యిలో కట్టె భగ్గున మండేటప్పుడు పొగ తక్కువ, కుములుతున్నప్పుడు ఎక్కువ అన్నది ప్రతి ఇల్లాలికీ తెలిసినదే. ఇదీ అంతే. లాగినప్పుడు కొన రగిలి మండుతుంది. లాగనప్పుడు కుములుతుంది. ఆ కుమిలే కొన నుంచి వచ్చే పొగలో అనేక విషపదార్థాల పాలు, తాగేవాడు నోటితో పీల్చే పొగలో కంటే ఎక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. తాగే మనిషి అప్పుడప్పుడు లాగుతాడు. గదిలో ఉన్న బిడ్డకు మాత్రం ఎడతెరిపి లేదు. ఊపిరి తీసిన ప్రతిసారీ అదే గాలి.

పొగాకు పొగలో 7 వేలకు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో 70 దాకా కేన్సర్‌కు కారణమయ్యేవే. బీడీ చిన్నది కదా, సిగరెట్ కంటే పొగాకు తక్కువే కదా అని కొందరు సమాధానపడతారు. పొగాకు తక్కువే. కాని తునికాకులో చుట్టిన బీడీ లాగకపోతే ఆరిపోతుంది. అందుచేత తాగేవాడు మాటిమాటికీ, గట్టిగా లాగవలసి వస్తుంది. తారు, నికొటిన్, కార్బన్ మోనాక్సైడు బీడీ పొగలో సిగరెట్ పొగలో కంటే ఎక్కువే ఉంటాయి.

ఇక బిడ్డ సంగతి. పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, అప్పుడే పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. అంటే, తన ఒంటి బరువుతో పోలిస్తే బిడ్డ పీల్చే గాలి పెద్దవారి కంటే ఎక్కువ. ఆ గాలి వెళ్లే గొట్టాలు సన్నవి. పెద్దవారికి కొంచెం వాపు వస్తే గొంతు గరగరలాడి ఊరుకుంటుంది. అదే వాపు పసిబిడ్డకు వస్తే దారే మూసుకుపోతుంది. ఊపిరి గొట్టాల లోపల కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. అది ఇల్లూడ్చే చీపురులాగా దుమ్మును, కఫాన్ని, క్రిములను పైకి ఊడ్చి పంపుతూ ఉంటుంది. పొగ తగిలితే ఆ చీపురు మందగిస్తుంది. కఫం లోపలే నిలిచి, దానిలో క్రిములు పెరుగుతాయి. దగ్గు, పిల్లికూతలు, రొమ్ములో నెమ్ము, న్యుమోనియా ఆ దారిలో వచ్చేవే. చెవిలో చీము కారడం కూడా పొగ ఉన్న ఇళ్లలో పెరిగే పిల్లల్లో ఎక్కువ. ఉబ్బసం ఉన్న బిడ్డకైతే ఎగపోత ఎక్కువసార్లు వస్తుంది. కడుపులో బిడ్డ ఉండగా తల్లి పక్కవారి పొగ పీల్చినా పుట్టే బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉంది.

న్యుమోనియా తెచ్చేది క్రిమి, పొగ కాదు గదా అని అడగవచ్చు. నిజమే. దొంగ వేరు, తలుపు తెరిచి పెట్టినవాడు వేరు. పొగ చేసేది ఆ రెండవ పని.

లెక్కలు చెప్పిన నిజం

ఈ సంగతి నిన్న మొన్న తెలిసింది కాదు. లండన్ నగరంలోని హారో ప్రాంతంలో రెండు వేల మందికి పైగా శిశువులను పుట్టినప్పటి నుంచి ఐదేళ్లపాటు గమనించిన వైద్యులు 1974లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రుల్లో ఎవరూ పొగ తాగని ఇళ్లలో, మొదటి ఏడాదిలో నూటికి సుమారు 8 మంది బిడ్డలకు న్యుమోనియా గాని, బ్రాంకైటిస్ గాని వచ్చింది. ఒకరు తాగే ఇళ్లలో నూటికి 11 మందికి పైగా వచ్చింది. ఇద్దరూ తాగే ఇళ్లలో నూటికి 17 మందికి పైగా వచ్చింది. అంటే రెట్టింపు దాటిందన్నమాట. బిడ్డ తాగలేదు. బిడ్డకు బీడీ అంటే ఏమిటో తెలియదు. అయినా తేడా అంత ఉంది.

1981లో జపాన్ వైద్యుడు తకేషి హిరాయామా మరొక నిజం బయటపెట్టారు. పొగ తాగే భర్తలు గల, తాము ఎన్నడూ పొగ తాగని స్త్రీలకు ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువగా వస్తున్నదని ఆయన లెక్కలతో చూపారు. పొగాకు కంపెనీల నుంచి ఎన్ని అభ్యంతరాలు వచ్చినా, తర్వాత అనేక దేశాల పరిశోధనలు ఆ మాటనే బలపరిచాయి. 2006లో అమెరికా ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి నివేదిక, పక్కవారి పొగ ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు అంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది.

2004 సంవత్సరపు లెక్కలను బట్టి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో నూటికి 40 మంది పిల్లలు పక్కవారి పొగ పీలుస్తున్నారు. ఆ ఒక్క ఏడాదిలో అందువల్ల మరణించిన తాగనివారు 6 లక్షల పైచిలుకు. వారిలో లక్షా 65 వేల మంది, ఊపిరితిత్తుల జబ్బులతో పోయిన ఐదేళ్ల లోపు బిడ్డలు.

మన దేశం సంగతి చూద్దాం. కేంద్ర ఆరోగ్య శాఖ జరిపించిన సర్వేలో 2009-10లో నూటికి 52 మంది పెద్దలు తమ ఇంట్లో పొగ పీలుస్తున్నామని చెప్పారు. 2016-17 నాటికి అది నూటికి 39కి దిగింది. తగ్గింది, సంతోషమే. అయితే నూటికి 39 అంటే పది ఇళ్ల వీధిలో దాదాపు నాలుగు ఇళ్లన్నమాట.

మన ఇళ్లు, మన చలికాలం

వేసవిలో ఈ ప్రాంతంలో ఇంటిలోపల పడుకునేవారు తక్కువ. వాకిట్లోనో, మిద్దె పైనో మంచాలు పడతాయి. అప్పుడు తాగిన బీడీ పొగలో కొంతైనా గాలికి పోతుంది. వానలు మొదలై చలి తిరిగే దాకా కథ వేరు. పాత మట్టిమిద్దెలకు కిటికీలు తక్కువ, ఉన్నవి చిన్నవి. పైన గవాక్షి ఉన్నా వానకు బండ కప్పుతారు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల ఇళ్లలో గోడలూ రాయే, కప్పూ రాయే. ఒకే గదిలో వంట, పడక, ధాన్యం బస్తాలు, పిల్లల చదువు. అటువంటి గదిలో ముట్టించిన పొగ ఆరిపోయిన తర్వాత కూడా గంటల తరబడి గాలిలో ఉంటుంది. కంటికి కనబడకపోవడం వల్ల పోయిందనుకుంటాం.

పట్నపు ఇళ్లలో ఇప్పుడు మరో ఇబ్బంది వచ్చింది. ఏసీ గదుల్లో తలుపులు రాత్రంతా బిగించి ఉంటాయి. ఇళ్లలో వాడే ఏసీ ఎక్కువగా ఉన్న గాలినే చల్లబరచి తిప్పుతుంది తప్ప పొగను బయటికి తోలదు. ఫ్యాను కూడా అంతే. కిటికీ దగ్గర నిలబడి తాగుతున్నా కదా అనేవారు, గాలి ఎటు వీస్తున్నదో ఒకసారి చూసుకోవాలి.

పొగ బట్టలను కూడా అంటుకుంటుంది. బీడీ తాగి వచ్చిన మనిషి భుజాన ఉన్న తువ్వాలు, చొక్కా వాసన వేయడం అందరూ ఎరిగినదే. ఆ వాసన వట్టి వాసన కాదు, పొగలోని పదార్థమే. ఆ తువ్వాలుతోనే బిడ్డ మూతి తుడుస్తాం. ఆ భుజం మీదనే బిడ్డను నిద్రపుచ్చుతాం.

ఇంట్లో ఇంకా ఉన్న పొగలు

న్యాయంగా చెప్పాలంటే నేరమంతా బీడీది కాదు. కట్టెల పొయ్యి పొగ తల్లుల కళ్లనూ, చంకనున్న బిడ్డల ఊపిరితిత్తులనూ తరతరాలుగా కాల్చింది. 1999లో రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం గ్యాసు పొయ్యిలను పల్లెలకు చేర్చాయి. అయినా సంగటి గెలకడానికి, నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యే మేలనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నీళ్ల పొయ్యి పెరట్లో ఉంటే మంచిది. పొయ్యి దగ్గరకు పోయేటప్పుడు బిడ్డను చంకన వేసుకోకపోవడం ఇంకా మంచిది.

బిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేయడం మనకు పాత ఆచారం. పెద్దల ఉద్దేశం మంచిదే. తల ఆరాలి, జలుబు చేయకూడదు అనే. కాని నిప్పుల మీద నుంచి లేచే ఏ పొగైనా పసి ఊపిరికి పొగే. మెత్తని పొడిబట్టతో తల తుడిచి, ఎండపొడ తగిలే చోట కాసేపు కూర్చుంటే ఆ పని నెరవేరుతుంది. దోమల చుట్ట సంగతి మరీ విచిత్రం. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. బిడ్డ పడుకునే చోట దోమతెర కట్టడమే ఉత్తమం.

ఇన్ని పొగల్లో పూర్తిగా ఎవరికీ అక్కరలేనిది బీడీ, సిగరెట్, చుట్ట పొగ ఒక్కటే. పొయ్యి పొగ వెనుక అన్నమైనా ఉంది. దీని వెనుక ఏమీ లేదు.

దగ్గు ఎప్పుడు ప్రమాదం?

ప్రతి దగ్గూ న్యుమోనియా కాదు. ప్రమాదాన్ని కనిపెట్టడానికి చదువు అక్కరలేదు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎగసి పడడాన్ని నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40 గాని అంతకు మించి గాని ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కుతున్నా, మూర్ఛ వచ్చినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, పెదవులు నీలం తిరిగినా ఇక లెక్కలతో పని లేదు. 108కు ఫోన్ చేయాలి. తెల్లవారనీ అనుకోకూడదు. పక్కలెగరేస్తే వాతలు పెట్టించడం, పసర్లు పోయించడం కొన్ని పల్లెల్లో ఒకప్పటి అలవాటు. వాత వల్ల బిడ్డకు జబ్బు మీద పుండు చేరుతుంది తప్ప ఊపిరి రాదు.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పల్లెలవారికి పెద్ద వైద్యం అంటే జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రే. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కడపలో 2006లో మొదలైన రిమ్స్ ఉంది. వైద్యం దూరం కాదు. ఆలస్యమే ప్రమాదం. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ టీకా కూడా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు మూడుసార్లు వేయించాలి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ పట్టకపోవడం మరో రక్షణ.

చట్టం గడప దగ్గర ఆగుతుంది

ఒకప్పుడు సినిమాహాల్లో తెర మీద బొమ్మ పడాలంటే వెలుతురు పొగ మబ్బును చీల్చుకుని పోవలసి వచ్చేది. బస్సులో పక్కవాడు బీడీ ముట్టిస్తే కిటికీ వైపు ముఖం తిప్పుకోవడమే దిక్కు. 2001లో సుప్రీం కోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించాలని ఆదేశించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2, గాంధీ జయంతి నాటి నుంచి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. ఆ చట్టం కింద 200 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపువారికి బీడీ, సిగరెట్ అమ్మరాదు. బడికి వంద గజాల లోపల అమ్మరాదు. "రేయ్, అంగడికి పోయి బీడీకట్ట తీసుకురాపో" అని కొడుకును పంపే తండ్రులు, ఇచ్చే అంగడివారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చట్టానికి ఫలితం లేకపోలేదు. స్కాట్లండ్‌లో 2006లో ఇటువంటి నిషేధం పెట్టినప్పుడు, బయట తాగనివ్వకపోతే ఇంటికి వచ్చి పిల్లల దగ్గర తాగుతారేమోనని కొందరు భయపడ్డారు. జరిగింది వేరు. అంతకుముందు ఏటా పెరుగుతూ వస్తున్న పిల్లల ఉబ్బసం కేసులు, నిషేధం తర్వాత ఆసుపత్రుల్లో ఏటా 18 శాతం చొప్పున తగ్గాయి. బయట మానడం అలవాటైన చేయి ఇంట్లోనూ మానడం నేర్చుకుంది.

అయితే మన చట్టం బస్సు ఎక్కగలదు, సినిమాహాలుకు రాగలదు గాని ఇంట్లోకి రాలేదు. గడప లోపలి పని ఇంటివారిదే.

చెప్పేది ఎవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బిడ్డ చెప్పలేదు. కోడలు మామ ఎదుట నోరెత్తలేదు. భార్య చెబితే "నాకే నీతులు చెప్తావా" అని కసురు. పొద్దస్తమానం కష్టపడి వచ్చిన మనిషికి ఉన్న ఒక్క సుఖం కూడా వద్దంటారా అని అవ్వే కొడుకు తరఫున మాట్లాడుతుంది.

మనిషిని తప్పుపడితే మాట పెరుగుతుంది. ఇంటికి కట్టుబాటు పెడితే పెరగదు. చెప్పులు బయట విడిచి రావడం మనకు కట్టుబాటు. ఎవరినీ అవమానించినట్టు కాదు. వచ్చిన చుట్టం కూడా కాదనడు. బీడీ కూడా అంతే. "మా ఇంట్లో చంటిబిడ్డ ఉండాది, పొగ బయటే" అన్న మాటకు కోపగించుకునే పెద్దమనిషి అరుదు. ఆ మాటను కోడలు కాకుండా అవ్వ చెప్పడం మేలు. అవ్వకు చెప్పే పని ఆశా కార్యకర్తో, టీకాకు పోయినప్పుడు నర్సమ్మో, బిడ్డను చూసిన డాక్టరో చేయాలి. తాతకు మనవడి ఊపిరి లెక్కపెట్టి చూపిస్తే చాలు. వేరే ఉపన్యాసం అవసరం ఉండదు.

బయట అంటే గుమ్మంలోనో, వాకిలికి ఆనుకున్న అరుగు మీదో కాదు. తలుపు తెరిచి ఉంటే అరుగు మీది పొగ ఇంట్లోకే వస్తుంది. వీధిలోకి నడిచి పోవాలి. తాగి వచ్చాక నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని, తువ్వాలు మార్చి బిడ్డను ఎత్తుకోవాలి. కారులో, జీపులో బిడ్డ ఉన్నప్పుడు అద్దం దించి తాగినా తప్పే.

అన్నిటికంటే మేలు మానేయడమే. మొదటి మూడు నాలుగు రోజులు కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి. కొన్ని వారాల్లో అవి తగ్గుతాయి. మనసు లాగినప్పుడు ఆ లాగుడు కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు ఒక గ్లాసు నీళ్లు తాగి, సోపు గింజలు నమిలి, ఎవరితోనైనా మాట్లాడుతూ గడిపితే దాటిపోతుంది. ఒంటరిగా చేతగానివారికి ప్రభుత్వం 1800-11-2356 నంబరుతో ఉచిత ఫోన్ సలహా ఏర్పాటు చేసింది. అవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు మందులు కూడా ఇస్తారు. ఒకసారి మానలేక మళ్లీ మొదలుపెట్టినవారు సిగ్గుపడనక్కరలేదు. మానినవారిలో చాలామంది రెండు మూడు ప్రయత్నాల తర్వాత మానినవారే. ఆ లోగా కనీసం ఇంటిలోపల ముట్టించకుండా ఉండడం ఈ రాత్రి నుంచే సాధ్యం. దానికి ఖర్చు లేదు, మందు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

తిరుమల కొండకు పోయేవారికి గడప వంటిది కనుక కడపకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. గడపకు పసుపు రాసి, ముగ్గు పెట్టి మొక్కే జిల్లా మనది. చెడు గడప దాటి లోపలికి రాకూడదనే గదా ఆ మొక్కు. బీడీ ముట్టించే ముందు ఆ గడప దాటి నాలుగడుగులు వీధిలోకి వేస్తే, ఉయ్యాలలోని బిడ్డకు రాత్రంతా మంచి గాలి ఇచ్చినట్టే.